కెనడా హిమభూములలో చార్టరు విమానములు, ప్రాంతీయ విమానసంస్థలు

కెనడా దేశమున విమానయానము మంచుగడ్డపైననే పుట్టినది. 1909వ సంవత్సరము ఫిబ్రవరి 23వ తేదీన నోవా స్కోషియా రాష్ట్రమందలి బాడెక్ గ్రామమువద్ద, గడ్డకట్టిన బ్రాడోర్ సరస్సుపైనుండి జె. ఎ. డి. మెక్‌కర్డీ అను యువకుడు ‘సిల్వర్ డార్ట్’ అను యంత్రమును గాలిలోనికి లేపెను. టెలిఫోను సృష్టికర్తయైన అలెగ్జాండర్ గ్రాహాం బెల్ నాయకత్వమున పనిచేసిన యొక చిన్న బృందము దానిని నిర్మించినది. ఆ దేశమున యంత్రశక్తితో జరిగిన మొదటి విమానయాన మదియే. సరస్సు గడ్డకట్టి పళ్లెమువలె సమతలముగా నున్నందున విమానాశ్రయమును కట్టవలసిన పని లేకపోయెను. ఈ చిన్న సంగతిని చదువరులు మనసున నుంచుకొనగోరెదను. తరువాతి నలుబది సంవత్సరములు ఉత్తర కెనడా విమానయానమంతయు నీ యనుకూలము నాధారము చేసికొనియే సాగినది.

తెలుగునాటికి వెలుపల తరతరములుగా స్థిరపడిన మనవారిని గూర్చిన సంపుటములో కెనడా విమానముల ప్రసక్తి యేల యని కొందఱు అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. పెద్ద పట్టణములకు దూరముగా నుండు చిన్న సమాజములకు దారి ఎవరు వేయుదురు? వేసిన దారి ఎవరి చేతిలో నుండును? ఆ దారిలో ఏ భాష వినబడును? భాషాల్పసంఖ్యాకుల పాఠశాలలో తెలుగు చెప్పుకొని బ్రతుకు నావంటి యుపాధ్యాయునకు ఈ ప్రశ్నలు నిత్యము ఎదురగునవే. కెనడా విమానచరిత్రములో ఇవి యన్నియు స్పష్టముగా, కొన్ని చోట్ల ప్రాణములతో ముడివడి, కనబడుచున్నవి. కావుననే ఈ వ్యాసము.

ఆ దేశపు వైశాల్యము సుమారు 99 లక్షల 80 వేల చదరపు కిలోమీటర్లు. అనగా భారతదేశమునకు మూడు రెట్లు. జనులలో అత్యధికులు దక్షిణపు సరిహద్దు నంటుకొని నివసింతురు. ఉత్తరమున నున్నవి లెక్కకు మిక్కిలియైన సరస్సులు, రాతినేలలు, సూదియాకుల చెట్ల యడవులు, వాని కావల చెట్టే మొలవని బయళ్లు. అచట చాలచోట్ల రైలు లేదు, బండిబాట లేదు. వేసవిలో దోనె, శీతకాలమున కుక్కలు లాగెడి జారుడుబండి, ఇవియే పూర్వపు ప్రయాణసాధనములు. వారముల ప్రయాణమును గంటలలో ముగింపగల యంత్రము వచ్చినప్పుడు ఆ ప్రాంతము దాని నెట్లు వదలుకొనును?

మొదటి ప్రపంచయుద్ధము ముగియగానే పనిలేని విమానములును, పనిలేని వైమానికులును విస్తారముగా మిగిలిరి. 1919 జూన్ మాసమున స్టువర్ట్ గ్రాహాం అనునతడు యుద్ధమున మిగిలిన యొక నీటివిమానమును తూర్పుతీరమునుండి క్విబెక్ రాష్ట్రమందలి లాక్-ఆ-లా-టోర్ట్యూ సరస్సునకు నడిపికొనిపోయెను. అడవిలో పుట్టెడి కార్చిచ్చును పైనుండి కనిపెట్టుట దాని పని. మరుసటి యేడు అక్టోబరులో విన్నిపెగ్ నగరమందలి విమానసంస్థ కార్యాలయమునకు జంతుచర్మముల వర్తకుడొకడు వచ్చి, ఉత్తరమున నున్న ‘ది పా’ అను ఊరికి తన్ను విమానములో దింపవలెనని యడిగెను. హెక్టర్ డౌగల్ అను వైమానికుడును, ఫ్రాంక్ ఎల్లిస్ అను యంత్రజ్ఞుడును అతనిని కొనిపోయిరి. ఉత్తరారణ్యములోనికి కిరాయి చెల్లించి ఎగిరిపోయిన మొదటి ప్రయాణికుడు ఇతడే యని చెప్పుదురు. ఆ ఎల్లిస్ గారే 1954లో కెనడా విమానచరిత్రమును గ్రంథముగా వెలువరించిరి. పనిచేసినవాడే చరిత్ర వ్రాయుట అరుదు. అట్టి చరిత్రకు విలువ యెక్కువ.

చార్టరు అను మాటను ఇచట వివరింపవలసియున్నది. కాలపట్టిక లేకుండ, ఒక వ్యక్తియో ఒక సంఘమో విమానమునంతటిని మాట్లాడుకొని పోవుటకు చార్టరు అని పేరు. మన యూళ్లలో పెండ్లివారు బస్సు మాట్లాడుకొనుట వంటిదే. కెనడాలో విమానవ్యాపారము కాలపట్టికతో మొదలుకాలేదు. ఈ పెండ్లిబస్సుతోనే మొదలైనది. గనులు వెదకువారు, చర్మముల వర్తకులు, మతప్రచారకులు, పోలీసులు, రోగులు, వీరే మొదటి గిరాకులు. అడవిమీద నెగురు వైమానికులకు ‘బుష్ పైలట్లు’ అను పేరు స్థిరపడెను.

వారి పని యెట్టిదో తెలుపుటకు 1921 నాటి యొక సంగతి చాలును. మెకంజీ నదీతీరమున ఫోర్ట్ నార్మన్ వద్ద నూనె బయలుపడగా, ఇంపీరియల్ ఆయిల్ సంస్థ రెండు యుంకర్స్ విమానములను కొని యచటికి పంపెను. దారిలో ఫోర్ట్ సింప్సన్ వద్ద మంచుపై రెండింటి పంకాలును విరిగినవి. క్రొత్త పంకా కావలెనన్న వందలమైళ్ల దూరము పోవలెను. విలియం హిల్ అను యంత్రజ్ఞుడును, వాల్టర్ జాన్సన్ అను వడ్రంగియు జారుడుబండ్లకు వాడెడి ఓకు పలకలను తెచ్చి, దుప్పిజాతికి చెందిన మూస్ అను మృగపు చర్మమును కాచి తీసిన జిగురుతో నంటించి, చెక్కి, పంకాను తయారుచేసిరి. ఎల్మర్ ఫుల్లర్టన్ దానిని విమానమునకు తగిలించి యెగిరెను. విమానము క్షేమముగా తిరిగివచ్చెను. గాలిలో క్షణమునకు పలుమార్లు తిరుగు పంకా ఒక వెంట్రుకవాసి సమతూకము తప్పినను యంత్రము పగిలిపోవును. ఆ వడ్రంగి చేతిని మెచ్చుకొనకుండ నుండలేము.

చలిలో విమానమును బ్రతికించుకొనుట వేఱొక విద్య. సున్నకు దిగువ 40 డిగ్రీల చలిలో (ఆ యంకెయొద్ద సెంటీగ్రేడు, ఫారెన్‌హీటు కొలతలు రెండును ఏకమగును) యంత్రపు తైలము తారువలె బిగుసుకొనును. కావున సాయంకాలము దిగగానే, యంత్రము వేడిగా నున్నప్పుడే, తైలమునంతటిని డబ్బాలలోనికి వంపి, బసచేసిన గుడిసెలో పొయ్యిదగ్గఱ పెట్టుకొనెడివారు. తెల్లవారక మునుపే లేచి, యంత్రమునకు దళసరి గుడ్డతో గుడారము కప్పి, దాని క్రింద పంపుపొయ్యిని వెలిగించి, రెండుగంటల వఱకు కాచెడివారు. గుడ్డకు నిప్పంటిన విమానము దక్కదు. కావున యంత్రజ్ఞుడు ఆర్పుడుపరికరమును చేతబట్టి గుడారములోనే కూర్చుండవలెను. తరువాత కాచిన తైలమును పోసి, ఆలస్యము చేయక యంత్రమును నడిపించెడివారు. విమానమునకు చక్రముల స్థానమున స్కీలు అను జారుడుపలకలుండును. రాత్రి అవి మంచునకు అంటుకొని గడ్డకట్టకుండ క్రింద చెట్టుకొమ్మలు పఱచెడివారు. వేసవిలో స్కీలను తీసివైచి నీటిపై తేలెడి తొట్లను తగిలించెడివారు. శరత్కాలమున సరస్సులు గడ్డకట్టు వారములలోను, వసంతమున మంచు విఱుగు వారములలోను ఇవియు పనికిరావు, అవియు పనికిరావు. ఆ కాలమున ఉత్తరదేశమంతయు లోకముతో సంబంధము తెగి యుండెడిది.

ఈ చెదరుమదరు ప్రయత్నములను వ్యవస్థగా మార్చినవాడు విన్నిపెగ్ నగరపు ధాన్యవర్తకుడు జేమ్స్ రిచర్డ్‌సన్. 1926 డిసెంబరులో అతడు వెస్టరన్ కెనడా ఎయిర్‌వేస్ అను సంస్థను స్థాపించెను. మఱు వసంతముననే దానికి పెద్దపని దొరికెను. హడ్సన్ అఖాతమునకు వేయు రైలుమార్గము ఏ రేవున ముగియవలెనో తేల్చుటకు చర్చిల్ వద్ద నేలను పరీక్షింపవలసి యుండెను. 1927 మార్చి, ఏప్రిల్ మాసములలో ఆ సంస్థ విమానములు 14 మంది మనుష్యులను, డైనమైటుతో కూడ సుమారు 8 టన్నుల సామగ్రిని అచటికి చేరవేసినవి. మంచు విఱుగకముందే పని ముగిసెను. చర్చిల్ రేవే నిర్ణయమయ్యెను. విమానము వింతవస్తువు కాదు, సరకుబండి యని ప్రభుత్వమునకు తెలిసినది అప్పుడే.

1929 జనవరిలో నింకొక సంగతి జరిగెను. ఆల్బర్టా ఉత్తరభాగమున గొంతువాపు జ్వరము, అనగా డిఫ్తీరియా, బయలుదేరగా వాప్ మే, విక్ హార్నర్ అను నిరువురు మందును తీసికొని ఎడ్మంటన్ నగరమునుండి ఫోర్ట్ వెర్మిలియన్‌కు పోయిరి. వారి విమానమునకు పైకప్పు లేదు. మందు గడ్డకట్టకుండ దుప్పట్లలో చుట్టి, చిన్న కుంపటితో వెచ్చగా నుంచిరి. తాము మాత్రము ఎదురుగాలిలో కూర్చుండిరి.

తరువాతి ఘట్టమును త్వరగా దాటుదును. 1937లో కేంద్రప్రభుత్వము ట్రాన్స్-కెనడా ఎయిర్ లైన్స్ అను సంస్థను శాసనముచే నెలకొల్పి, దేశమున తూర్పు పడమరల ప్రధానమార్గమును దానికే యప్పగించెను. 1942లో కెనడియన్ పసిఫిక్ రైల్వేవారు, రిచర్డ్‌సన్ నెలకొల్పిన సంస్థతో కూడ, అడవివిమానముల సంస్థలనేకము కొని కలిపి కెనడియన్ పసిఫిక్ ఎయిర్ లైన్స్‌గా మార్చిరి. రిచర్డ్‌సన్ 1939లోనే మరణించెను. పెద్దచేపలు రెండు మిగిలినవి. అయినను ఉత్తరపు సరస్సులపై చిన్నచేపలకు తావు చాలకపోలేదు. 1947లో డి హావిలాండ్ సంస్థవారి ‘బీవర్’ విమానము వచ్చినది. ఆ సంస్థవారు దానిని రూపొందించుటకు ముందు అడవివైమానికులనే సంప్రదించిరి. దాని తలుపు పీపాను దొర్లించుటకు తగినంత వెడల్పు. తైలము పోయు మూత వైమానికుని యెదుటనే, లోపలనే యుండును. పనివాని నడిగి పనిముట్టును చేయుట యనిన నిదియే.

ఇప్పుడు మాక్స్ వార్డ్ కథకు వత్తును. ఇతడు 1921లో ఎడ్మంటన్‌లో పుట్టెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున వాయుసేనలో శిక్షకుడుగా నుండెను. 1946లో ఎల్లోనైఫ్ అను గనులపట్టణమున ఒక చిన్న ఫాక్స్ మాత్ విమానముతో చార్టరు వ్యాపారము ప్రారంభించెను. అనుమతిపత్రముల చిక్కులవలన మొదటి ప్రయత్నము నిలువలేదు. 1953లో అప్పుచేసి, సుమారు లక్ష డాలర్ల వెలగల ‘ఆటర్’ విమానమును కొని, వార్డెయిర్ అను పేర తిరిగి నిలిచెను. గనులకు డీజిలు, పలకలు, ఇనుపసామానులు, పశువులు, మనుష్యులు, ఏది వచ్చిన నది మోసెను. 1967 మే మాసమున వార్డెయిర్ వారి బ్రిస్టల్ ఫ్రైటర్ అను సరకువిమానము ఉత్తరధ్రువమున దిగెను. చక్రములుగల పెద్దవిమానము అచట దిగుట అదియే మొదలు. ఆ విమానమును ఎల్లోనైఫ్ విమానాశ్రయమువద్ద స్తంభముపై నిలిపియుంచిరి.

అడవివిమానముల యజమాని అట్లాంటిక్ సముద్రమును దాటవలెనని తలచుట సాహసమే. 1962లో అతడు నాలుగు యంత్రముల డి.సి.-6 విమానము నద్దెకు తీసికొని, ఐరోపాకు చార్టరు ప్రయాణములు ప్రారంభించెను. ఇచట ప్రభుత్వనియమ మొకటి అడ్డువచ్చెను. కాలపట్టికగల పెద్దసంస్థల గిరాకి పోకుండుటకై, చార్టరు విమానములో పోవువారందఱు ఒకే సంఘమునకు సభ్యులై యుండవలెననియు, ఆ సభ్యత్వము ఆరుమాసములకు తక్కువ కారాదనియు, ఆ సంఘపు ముఖ్యోద్దేశము ప్రయాణము కారాదనియు కట్టడి చేసిరి. ఫలితమేమన, తోటపని సంఘములు, నాట్యసంఘములు, పూర్వపుటూరివారి సంఘములు పుట్టగొడుగులవలె మొలిచినవి. అధికారులు విమానాశ్రయమునకు వచ్చి, మీరు నిజముగా సభ్యులేనా, ఎప్పుడు చేరితిరి యని ముదుసళ్లను ప్రశ్నించెడివారు. సభ్యత్వపు రుసుము వసూలుకు తిప్పలుపడు మన సంఘముల కార్యదర్శులు ఇది విని నవ్వుకొనకపోరు. నవ్వు నటుంచి చూడగా, పుట్టినదేశమున ముసలితల్లిని ఒక్కమారు చూచిరాగోరు వలసకుటుంబములకు ఈ చార్టరే దారి చూపినది. కాలపట్టిక విమానమున టిక్కెట్టు వారి యందుబాటులో లేకుండెను. 1970వ దశకపు తొలిభాగమున ప్రభుత్వము ఈ సంఘనియమమును విడిచి, చాలదినములు ముందుగా టిక్కెట్టు కొన్నవారెవరైనను చార్టరులో పోవచ్చునని యంగీకరించెను.

వార్డెయిర్ విమానములలో భోజనమును రాయల్ డౌల్టన్ పింగాణి పళ్లెములలో వడ్డించెడివారు. చవుక టిక్కెట్టు కొన్నవారికి ఈ మర్యాద యేల యని పోటీదారులు ఆశ్చర్యపడిరి. నా కంతకంటె నచ్చిన సంగతి వేఱొకటి. తన జెట్ విమానములకు వార్డ్ పాతతరపు అడవివైమానికుల పేర్లు పెట్టెను. 1966లో వచ్చిన మొదటి బోయింగ్ 727నకు సై బెకర్ పేరు. తరువాత వచ్చినవానిలో వాప్ మే, పంచ్ డికిన్స్ మొదలగువారి పేర్లు. కుంపటితో మందును కాపాడినవాని పేరు అట్లాంటిక్ దాటెడి విమానముపై నుండెను.

ఈ లోపల ఉత్తరమున రక్షణకార్యములు జరిగెను. 1955 మొదలు 1957 వఱకు ధ్రువప్రాంతమున ఆ చివరనుండి ఈ చివరవఱకు రాడారు కేంద్రముల వరుసను నిర్మించిరి. ఆ సామగ్రిని మోయుటచే పలు చిన్నసంస్థలు పెద్దవైనవి. పెరుగుదలతోపాటు ప్రమాదములును వచ్చినవి. 1957 ఆగస్టులో లండన్ నుండి వచ్చుచున్న మారిటైమ్ సెంట్రల్ సంస్థ చార్టరు విమానము క్విబెక్ రాష్ట్రమందలి ఇసుడన్ వద్ద కూలి 79 మంది మరణించిరి. మృతులలో పలువురు పాతసైనికులు, వారి కుటుంబములవారు.

1966లో రవాణామంత్రి పికర్స్‌గిల్ ప్రాంతీయ విమానవిధానమును ప్రకటించెను. దేశమున ఐదు ప్రాంతీయసంస్థలు గుర్తింపు పొందినవి: పసిఫిక్ వెస్టరన్, ట్రాన్సెయిర్, నోర్డెయిర్, క్విబెకెయిర్, ఈస్టరన్ ప్రొవిన్షియల్. పెద్దసంస్థలతో పోటీపడక వానికి తోడుగా నుండవలెననియే విధానము. ఒక్కొక్కదానికి ఒక్కొక్క ప్రాంతము. రస్ బేకర్ అను అడవివైమానికుడు బ్రిటిష్ కొలంబియాలో ప్రారంభించిన సంస్థయే పసిఫిక్ వెస్టరన్. దానిని 1974లో ఆల్బర్టా రాష్ట్రప్రభుత్వము కొనివేయుట పెద్ద సంచలనమైనది. ఉత్తరమునకు ద్వారమైన సంస్థ పరులపాలు కారాదని వారి వాదము. ఈ సంస్థలు బోయింగ్ 737 వంటి జెట్ విమానములను గులకరాళ్ల నేలపై దింపిరి. ముందుచక్రమువెనుక రాళ్లు ఎగయకుండ ఒక పలకయు, యంత్రములముందు గాలిని క్రిందికి ఊదు గొట్టములును అమర్చిరి. విమానములోపల జరుపదగిన యడ్డుగోడ యుండును: ముందుభాగమున సరకు, వెనుక ప్రయాణికులు. ఆనాటి గిరాకినిబట్టి గోడను ముందుకో వెనుకకో జరుపుదురు.

క్విబెక్ రాష్ట్రమున వేఱొక వివాదము రగులుకొనెను. ఆ రాష్ట్రమున అధికసంఖ్యాకులు ఫ్రెంచివారు. దేశమంతటిలో చూడగా వారు అల్పసంఖ్యాకులు. భూమిమీది నియంత్రకుడును విమానములోని వైమానికుడును ఇరువురు ఫ్రెంచివారైనను, రేడియోలో ఇంగ్లీషుననే మాటలాడవలెనని నియమము. చిన్నవిమానములు నడుపువారిలో ఇంగ్లీషు చక్కగా రానివా రనేకులుండిరి. 1975లో ‘జాన్ ద లేర్’, అనగా గాలిలోని వారు, అను సంఘమును ఫ్రెంచి వైమానికులు, నియంత్రకులు స్థాపించిరి. మా రాష్ట్రపు టాకాశమున మా భాష నేరమా యని వారి ప్రశ్న.

ఎదుటివారి వాదమును చులకన చేయరాదు. ఒకే రేడియోతరంగముపై అందఱి మాటలు అందఱు విందురు. ఎవరెచట నున్నారో దానిచే తెలియును. రెండుభాషలైన సగము వినబడియు తెలియకపోవునని ఇంగ్లీషు వైమానికులు భయపడిరి. ఇది యాలోచింపదగిన మాటయే. కాని దానివెనుక భాషాగర్వమును కలిసెను. 1976 జూన్ మాసమున వైమానికులు తొమ్మిది దినములు విమానములు నడుపుట మానిరి. మంత్రి ఆటో లాంగ్ వారితో ఒడంబడిక చేసికొని, ద్విభాషావిస్తరణమును నిలిపి, విచారణసంఘమును నియమించుటకు సమ్మతించెను. దీనికి నిరసనగా ఫ్రెంచివాడైన జ్యాన్ మార్షాన్ మంత్రిపదవికి రాజీనామా యిచ్చెను. ఆ నవంబరులోనే క్విబెక్‌లో వేర్పాటువాదులు ఎన్నికలు గెలిచిరి; ఈ వివాదము వారికి తోడ్పడినదని పలువురి యభిప్రాయము.

విచారణసంఘములోని ముగ్గురు న్యాయమూర్తులు తొందరపడలేదు. కృత్రిమయంత్రములపై అభ్యాసములు జరిపించి, రెండుభాషలతో నియంత్రణ మెట్లుండునో పరీక్షించిరి. 1979లో, ద్విభాషానియంత్రణమువలన క్షేమమునకు భంగము లేదని ఏకగ్రీవముగా తేల్చిరి. అప్పుడు అధికారమున నున్న వేఱొక పక్షపు ప్రభుత్వము దానిని ఆమోదించెను. ఆపత్కాలమున మనుష్యునకు తల్లిభాష త్వరగా అందునని తరగతిలో బోధించు వారెవరైనను చెప్పుదురు. ఇంగ్లీషులో ప్రశ్న వేసిన తలవంచుకొను బాలుడు తెలుగులో వేసిన లేచినిలుచుట నేను దినదినము చూచుచున్నాను. అయినను ఆ న్యాయమూర్తులు ఉద్వేగమును కాదు, పరీక్షను నమ్మిరి. భాషాహక్కులనుగూర్చి వాదించు మనకు నది గమనింపదగినది.

1984 మొదలు ప్రభుత్వము నియంత్రణములను సడలించెను. 1988లో అమలునకు వచ్చిన శాసనముతో దక్షిణ కెనడాలో ఎవరైనను ఎచటికైనను ఎగురవచ్చును. ఐదు ప్రాంతీయసంస్థలలో నాలుగు అంతకుముందే ఒక్కొక్కటిగా ఇతరసంస్థలలో కలిసినవి. విచిత్రమేమన, 1987లో పసిఫిక్ వెస్టరన్ అను ప్రాంతీయసంస్థయే తనకంటె పెద్దదైన కెనడియన్ పసిఫిక్‌ను కొని, కెనడియన్ ఎయిర్‌లైన్స్‌గా మారెను. వార్డ్ కూడ 1986లో కాలపట్టిక సేవలలోనికి దిగి, క్రొత్త విమానములకై అప్పులలో మునిగి, 1989లో సంస్థను ఆ పసిఫిక్ వెస్టరన్ వారికే యమ్మెను. తుదకు 2000లో కెనడియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్ కెనడా వశమయ్యెను. వార్డ్ 2021 నవంబరులో, నూఱేండ్లు నిండుటకు కొలదిదినముల ముందు, మరణించెను.

స్వేచ్ఛావిపణిలో క్రొత్త చార్టరుసంస్థలు వచ్చినవి. శీతకాలమున మంచునుండి పారిపోవువారిని ఫ్లోరిడాకు, మెక్సికోకు, కరిబియన్ దీవులకు కొనిపోవుట వాని జీవనము, వేసవిలో ఐరోపా. చవుకయే వాని బలము, చవుకయే బలహీనత. నేషనెయిర్ అను సంస్థ విమానము 1991 జూలై 11న హజ్ యాత్రికులైన నైజీరియనులను జెడ్డానుండి తీసికొని లేచి, చక్రములకు గాలి చాలక రాపిడిచే నిప్పంటుకొని కూలగా 261 మందియు మరణించిరి. గాలి తక్కువగా నున్న సంగతి ముందే తెలిసియుండెను. ఆలస్యమగునని నింపక వదలిరి. రెండేండ్లలో ఆ సంస్థ మూతపడెను.

అంతకు రెండేండ్లముందు జరిగిన డ్రైడెన్ దుర్ఘటన ప్రాంతీయవిమానముల చరిత్రములో అన్నిటికంటె నేర్వదగినది. 1989 మార్చి 10వ తేదీన ఎయిర్ ఒంటారియో సంస్థ ఫోకర్ జెట్ విమానము థండర్ బే నుండి విన్నిపెగ్‌కు పోవుచు మధ్యలో డ్రైడెన్ అను చిన్నయూర నాగెను. మంచు కురియుచుండెను. ఆ విమానమున యంత్రములను నడిపించుటకు తోడ్పడు చిన్నయంత్రము చెడియుండెను. డ్రైడెన్‌లో బయటినుండి యంత్రమును నడిపించు సాధనము లేదు. కావున ఒక యంత్రమును ఆర్పకుండ నుంచిరి. ఆర్పిన మరల వెలుగదు. యంత్రము నడుచుచుండగా ఱెక్కలపై మంచుకరుగు ద్రవము చల్లరాదని సంస్థ నియమము. ఈ రెండును కలిసి, ఱెక్కలను కడుగుట అసాధ్యమైనది. దానికితోడు ఒక చిన్నవిమానము దిగువఱకు ఆగవలసివచ్చెను. మంచు మఱింత పేరుకొనెను. ఱెక్కపై పలుచని మంచుపొర గరుకుకాగితమువలె నున్నను చాలును, గాలిజారుట చెడి, ఎత్తుబలము తగ్గిపోవును. విమానము లేచి, ఎత్తు పొందలేక, బాటచివరి చెట్లలో కూలెను. 69 మందిలో 24 మంది మరణించిరి.

ఆ విమానమున ప్రయాణికులుగా వచ్చిన వైమానికులు ఇరువురుండిరి. ఱెక్కలపై మంచును వారు చూచిరి. ముందున్నవారికి తెలిసియే యుండునని, చెప్పిన నొచ్చుకొందురేమో యని, ఊరకుండిరి. జస్టిస్ వర్జిల్ మోషాన్‌స్కీ మూడేండ్లు విచారణ జరిపి, 1992లో 191 సిఫారసులతో నివేదిక సమర్పించెను. ఒక్క వైమానికుని తప్పని చెప్పి చేతులు దులుపుకొనలేదు. చెడిన చిన్నయంత్రముతో విమానమును పంపిన పద్ధతి, జెట్‌లకు క్రొత్తయైన సంస్థ యొక్క తయారులేమి, నియంత్రణములను సడలించుచు పరీక్షకులను తగ్గించిన ప్రభుత్వము, అన్నిటిని వరుసగా నిలబెట్టెను. ఱెక్కలపై మంచున్న విమానము ఎగురరాదను నియమము దృఢమైనది. నేడు మనవారెవరైనను టొరంటోనుండి శీతకాలమున బయలుదేరునప్పుడు, రంగుద్రవము చల్లుచు ఆలస్యము చేయుచున్నారని విసుగుకొందురు గదా, ఆ యాలస్యము వెనుక డ్రైడెన్ మృతులున్నారు.

ఇక ఉత్తరపు మూలవాసుల సంగతి. విమానములు వచ్చి అఱువదేండ్లయినను, వారు ప్రయాణికులుగనో, సరకు దింపు కూలీలుగనో యుండిరేగాని, యజమానులు కారు. 1975లో జేమ్స్ అఖాతపు జలవిద్యుత్పథకమునుగూర్చి కుదిరిన ఒడంబడికచే క్రీ, ఇనుయిట్ జాతులవారికి పరిహారధనము లభించెను. ఇనుయిట్లు ఆ ధనమును పంచుకొని తినక, మకివిక్ అను సంస్థగా కూడి, 1978లో ఒక బీవర్ విమానముతో ఎయిర్ ఇనుయిట్‌ను ప్రారంభించిరి. క్రీ జాతివారు 1982లో భాగస్వామ్యముతో ఎయిర్ క్రీబెక్‌ను నెలకొల్పి, తరువాత పూర్తిగా స్వంతము చేసికొనిరి. 1990లో మకివిక్ వారు ఫస్ట్ ఎయిర్ అను పెద్దసంస్థను కొనిరి. పశ్చిమపు ఇనువియాలుయిట్ల కెనడియన్ నార్త్‌తో అది 2019లో కలిసెను. కలిసిన సంస్థకు ఖర్చు భరింపరానిదైనది. గిరాకి తక్కువ, దూరములు ఎక్కువ, ఇంధనము ప్రియము. 2025లో దానిని విన్నిపెగ్‌కు చెందిన ఎక్స్‌ఛేంజ్ ఇన్‌కం కార్పొరేషన్ అను సంస్థ కొనెను. రిచర్డ్‌సన్ నగరమునకే ఉత్తరపు పెద్దదారి తిరిగి చేరినది.

ఎయిర్ ఇనుయిట్ మాత్రము మకివిక్ వారి చేతిలోనే యున్నది. ఉత్తర క్విబెక్‌లోని నునావిక్ ప్రాంతమున 14 ఊళ్లున్నవి. ఒక యూరినుండి ఇంకొక యూరికి రోడ్డు లేదు, దక్షిణమునకును లేదు. పాలు, కూరలు, టపాలు, ఉపాధ్యాయులు, మాంట్రియాల్ ఆసుపత్రికి పోవు రోగులు, అందఱికి ఈ విమానమే దారి. అందులో ప్రకటనలు ఇనుక్టిటుట్ భాషలో కూడ చదువుదురు.